అడీనియంను చంపుతున్నది వాన కాదు

"అడీనియం ఎడారి మొక్క. దానికి నీళ్లు పోయొద్దు. మన ములుగు వానలకు అది బతకదు." ములుగులో ఈ మొక్క ఊసెత్తితే చాలు, ఎవరి నోటయినా ఇదే తీర్పు. అమ్మేటప్పుడు మొక్కల బండివాడు మొదటి రెండు మాటలు చెబుతాడు. ఆగస్టులో దుంప కుళ్లి మొక్క పక్కకు ఒరిగాక పక్కింటాయన మూడో మాట చెబుతాడు. నాలుగు వందలో, ఐదు వందలో పెట్టి కొన్న మనిషి ఆ రెండింటి మధ్య తలూపి, ఖాళీ కుండీలో తులసి పెట్టుకుంటాడు. తులసికి వచ్చిన లోటేమీ లేదు గానీ, అసలు దొంగ దొరకలేదు.

ఆ తీర్పులో మొదటి మాట సగం నిజం. రెండోది ఏడాదిలో కొద్ది వారాలకు మాత్రమే పనికొచ్చేది. మూడోది శుద్ధ అబద్ధం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుండీ నింపడం చేతగాక వానను తిడుతున్నాం.

ముందు పుట్టింటి సంగతి చూద్దాం. అడీనియం ఒబెసమ్ ఆఫ్రికాలో సెనెగల్ నుంచి సూడాన్, కెన్యా, టాంజానియా దాకా, ఎర్రసముద్రం దాటితే యెమెన్, ఒమన్, సౌదీ కొండల దాకా పెరిగే పొద. ఎడారి అనగానే మన కళ్లకు కట్టే ఇసుక తిన్నెలు దాని ఇల్లు కాదు. రాళ్ల వాలులు, గడ్డి మైదానాలు, ఏడాదిలో కొన్ని నెలలు వాన పడి మిగతా నెలలు ఎండిపోయే నేలలు దాని ఇల్లు. ఒమన్‌లోని ధోఫార్ కొండలనే తీసుకోండి. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఒమన్ పోయిన మనవాళ్లలో సలాలా చూసినవాళ్లుంటే అడగండి, చెబుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ముసురు, పొగమంచు పట్టి కొండలన్నీ పచ్చబడతాయి. అక్కడివాళ్లు దాన్ని ఖరీఫ్ అంటారు. మన రైతు నోట్లో ఉన్న మాటే. తెచ్చేది కూడా మనకు వానలిచ్చే నైరుతి రుతుపవనమే. ఆ కొండల మీద అడీనియం తనంతట తాను పెరుగుతుంది. అక్కడ పడేది మన కుండపోత కాదు, కొలతలో మనకంటే చాలా తక్కువ, ఒప్పుకుంటాను. కానీ తడి నెలలంటే ఎరగని మొక్క అని మాత్రం దాని మీద నింద వేయకండి.

కొలత గురించే పట్టుబట్టేవాళ్లకు థాయ్‌లాండ్ ఉంది. బ్యాంకాక్‌లో ఏడాదికి దాదాపు 1,500 మి.మీ. వాన పడుతుంది. తెలంగాణ సగటు 900 మి.మీ. చిల్లర. ఈ రోజు లోకమంతా అమ్ముడుపోతున్న ముద్దపూల అడీనియంలలో, రంగురంగుల రకాల్లో పెద్ద భాగం థాయ్‌లాండ్‌లో, తైవాన్‌లో సంకరం చేసి పెంచినవే. వానకు చచ్చే మొక్కే అయితే ఆ తోటమాలులు దాంతో వ్యాపారం ఎలా చేస్తున్నారు?

అంత దూరం కూడా పోనక్కర్లేదు. గోవిందరావుపేట, తాడ్వాయి దారిలో పొలం గట్ల మీద బొంతజెముడు, నాగజెముడు కంచెలు చూడండి. వాటికెవరూ గొడుగు పట్టలేదు. మనింటి మీద పడే వానే వాటి మీదా పడుతుంది, తరాలుగా నిలబడే ఉన్నాయి. అవి ఉన్నది గట్టు మీద, మొరం మీద, నీరు నిమిషం నిలవని ఏటవాలు మీద. అదే జెముడు కొమ్మను తెచ్చి మడి మధ్యలో పాతితే కుళ్లిపోతుంది. వాన రెండు చోట్లా ఒక్కటే, నేల తేడా.

ఇక్కడ నాకు ఎదురయ్యే పెద్ద వాదన 2023 జులై. ఆ నెల 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా, 24 గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన కురిసింది. తెలంగాణలో అంతకు ముందున్న రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5 మి.మీ. వాజేడు కూడా ఇప్పుడు మా జిల్లాలోదే. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న ములుగు సిద్దిపేట జిల్లాది, ఈ ములుగుకు దక్కినవి వాన రికార్డులు. ఆ జులైలో జంపన్నవాగు కొండాయి ఊరి మనుషులనే పట్టుకుపోయింది. ఆ రోజుల్లో పూలకుండీ గురించి ఎవరైనా బాధపడి ఉంటే సిగ్గుపడాలి. అయినా "అంత వానలో అడీనియం ఏం బతుకుతుందయ్యా" అని ఇప్పటికీ అడుగుతారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

పది అంగుళాల కుండీ, అంటే అడ్డంగా 25 సెంటీమీటర్లు. దాని నోటి మీద 649.8 మి.మీ. వాన నేరుగా పడితే ఒక రోజులో లోపలికి దిగేది సుమారు 32 లీటర్లు. రెండు పెద్ద బకెట్లు. గంటకు లీటరున్నర కూడా లేదు. కుండీలో ఉన్నది గరుకు మట్టి అయితే, అడుగున వేలు పట్టే రంధ్రాలు రెండుమూడు ఉంటే, అంతకు ఎన్నో రెట్ల నీరు ఆగకుండా కిందికి పోతుంది. అదే కుండీలో బంకమట్టి ఉంటే ఒక్క లీటరు చాలు, మూడు రోజులు వేళ్లకు ఊపిరాడదు. మొక్కను చంపడానికి లక్ష్మీదేవిపేట వాన అక్కర్లేదు, మామూలు శ్రావణ మాసపు ముసురే ఎక్కువ.

ఊపిరాడదు అన్నది మాట వరసకు అన్నది కాదు. వేరు బతకాలంటే ఆక్సిజన్ కావాలి, అది మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉంటుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండి అలాగే ఉండిపోతే వేరు చస్తుంది, చచ్చిన వేరు మీద కుళ్లు తెచ్చే బూజులు, బాక్టీరియా చేరతాయి, అక్కడి నుంచి దుంపలోకి పాకుతాయి. మనకు బయటికి కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. నీరు వచ్చిపోతే ఇదేదీ జరగదు. నిలిస్తేనే జరుగుతుంది.

మన ఊళ్లకు వచ్చే మొక్కల్లో చాలా వరకు కడియం వైపు నుంచి వస్తాయి. వేళ్ల చుట్టూ బిగుతుగా బంకమట్టి ముద్ద, దాని మీద పాలిథిన్ సంచి. లారీలో ఎండకు వేలాడుతూ ఇంత దూరం రావాలంటే ఆ ముద్ద ఉండాల్సిందే, తడి పట్టి ఉంచుతుంది. ప్రయాణానికి కట్టిన మూటను కాపురానికీ అలాగే వదిలేయడం మన తప్పు. సంచి చించి, ముద్దను ముద్దగానే కుండీలో దించి, చుట్టూ ఇంకొంత నల్లమట్టి కూరి, "నర్సరీ మట్టి కదిలించొద్దన్నారు" అని సమర్థించుకుంటారు. గులాబీకి ఆ మాట సరిపోవచ్చు. అడీనియంను మాత్రం ముద్దంతా నీటిలో నానబెట్టి, వేళ్లు బయటపడేలా కడిగి, తెగిన వేళ్లను కత్తిరించి, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి నాటాలి. ఆరబెట్టమంటే జనం భయపడతారు. దుంప నిండా నీళ్లున్న మొక్క అది, వారం రోజులు మట్టి లేకుండా గోడకు ఆనించి ఉన్నా దానికేమీ కాదు. నాటాక కూడా మూడు నాలుగు రోజులు ఆగి నీళ్లు పోయాలి.

మట్టి విషయంలో ఇంకో అపోహ ఉంది, అది చదువుకున్నవాళ్లలో ఎక్కువ. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు చక్కగా పోతుందంటారు. పోదు. మెత్తని మట్టి కింద గరుకు పొర ఉంటే, పైమట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యే దాకా నీరు కిందికి జారదు. నమ్మకపోతే స్పంజిని తడిపి అడ్డంగా పట్టుకోండి. చుక్కలు ఆగాక దాన్నే నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు ఆ నీళ్లు ఎక్కడ ఉన్నాయో కుండీలోనూ అక్కడే ఉంటాయి, అడుగు భాగంలో, వేళ్ల దగ్గర. గులకరాళ్ల పొర చేసే పని ఆ తడి పొరను ఇంకొంచెం పైకి, దుంపకు దగ్గరగా తేవడం. ఇదే లెక్కన లోతు తక్కువ బోన్సాయ్ పళ్లేలు చూడ్డానికి అందంగా ఉన్నా మన వానలకు ఎక్కువ ప్రమాదం. వాటిలో పెట్టాలనుకుంటే మట్టి ఇంకా గరుకుగా ఉండాలి.

గరుకుదనం పైనుంచి అడుగు దాకా ఒకేలా ఉండాలి. దానికి ఆన్‌లైన్‌లో పర్లైటూ ప్యూమిసూ తెప్పించుకోవాల్సిన పని ములుగువాళ్లకు లేదు. గోడలకు ప్లాస్టరింగ్ చేసేచోట ఇసుక జల్లించి, జల్లెడలో మిగిలిన దొడ్డు ఇసుకను, సన్న కంకరను పారబోస్తారు. మేస్త్రీని అడిగితే బస్తాలో పోసి ఇస్తాడు. పగిలిన ఇటుకలను శనగ గింజంత ముక్కలుగా కొట్టి, దుమ్ము పోయేలా కడగాలి. దుమ్ముతో సహా వేస్తే మళ్లీ బంకమట్టే. రైస్ మిల్లు నుంచి సగం కాలిన నల్ల ఊక దొరుకుతుంది. ఇటుక, దొడ్డు ఇసుక కలిపి మూడు పాళ్లు, ఊక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పిడికెడు తీసుకుని తడిపి గట్టిగా నొక్కి వదిలితే విడిపోవాలి, లడ్డూలా నిలిస్తే ఇంకా ఇటుక కలపాలి.

ఇటుక అంటే చిన్నచూపు చూసేవాళ్లను పాలంపేట తీసుకుపోవాలి. 1213 నాటి రామప్ప గుడి, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని అక్కడి గైడ్లందరూ చెబుతారు. లోపల సన్నని గాలి ఖాళీలు ఉండబట్టి అవి అంత తేలిక. పునాదిలోనేమో గుంతలు తవ్వి ఇసుక నింపారు. ఆ గుడి ఉన్నది కూడా వెంకటాపూర్ మండలంలోనే, 2023 వాన పడిన మండలం. ఖాళీలున్న ఇటుక, ఇసుక అన్నవి ఈ గడ్డ మీద కొత్తగా కనిపెట్టాల్సిన సామాన్లు కావు.

మట్టి సరిగ్గా ఉన్నాక "నీళ్లు పోయకండి" అన్న సలహా తలకిందులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, నిండా ఆకులూ పూలూ ఉన్న అడీనియంకు ఈ గరుకు మట్టిలో రోజూ నీళ్లు పోయాలి. అడుగు నుంచి కారేదాకా పోయాలి. చెంచాలతో, మూతలతో పోసేవాళ్లను చూశాను. ఆ నీరు పైఅంగుళం దాటదు. కింది వేళ్లు ఎండిపోతాయి, మొగ్గలు విచ్చకుండానే రాలతాయి. అప్పుడు "పూలు పూయట్లేదు, ఏం ఎరువు వేయాలి" అని అడుగుతారు. ఎరువు పేరు చెప్పేవాళ్లూ ఉంటారు. వానాకాలంలో వాన పడని రోజు మట్టి పైభాగం ఎండితేనే పోయాలి. కుండీ కింద పళ్లెం పెట్టే అలవాటు మాత్రం జూన్ మొదటి వానకే మానుకోవాలి. గచ్చు మీద మరక పడుతుందని పెట్టిన ఆ పళ్లెంలో నిలిచిన నీరు చంపిన మొక్కలు వాన చంపిన వాటికంటే ఎక్కువ అని నా అనుమానం.

ఇక దుంప మెత్తబడటం. ఎక్కువ మొక్కలు చచ్చేది ఇక్కడి తప్పుడు నిర్ధారణతోనే. దుంప మెత్తబడిందనగానే "కుళ్లింది, నీళ్లు ఆపు" అంటారు. మెత్తదనం రెండు రకాలు. బొటనవేలితో దుంప చుట్టూ నొక్కి చూడండి. నాలుగు వైపులా ఒకేలా లోపలికి దిగి, చర్మం ముడతలు పడి, ఎక్కడా రంగు మారకుండా, మట్టి పొడిగా ఉంటే అది దాహం. కడుపునిండా నీళ్లు పోస్తే వారం పది రోజుల్లో రాయిలా గట్టిపడుతుంది. అలా కాక ఒక్క పక్కనే మెత్తగా ఉండి, అక్కడ చర్మం గోధుమ రంగుకో నలుపుకో తిరిగి, వేలు ఆనించగానే తడి తగిలి, ముక్కు దగ్గర పెడితే కుళ్లు వాసన వస్తే అది కుళ్లు. మట్టి తడిగా ఉన్నా ఆకులు పసుపుబారి రాలడం దానికి తోడు గుర్తు. ఈ రెండోదానికి నీళ్లు ఆపితే సరిపోదు. మొక్కను పీకి, పదునైన కత్తిని కాల్చి చల్లార్చి, కుళ్లిన భాగాన్ని తెల్లటి గట్టి కండ కనిపించేదాకా చెక్కేయాలి. గోధుమ చుక్క ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలవుతుంది. కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి అద్ది, నీడలో గాయం అట్టకట్టేదాకా ఒకటి రెండు వారాలు ఉంచి, అప్పుడు నాటాలి. సగం దుంప పోయిన మొక్క కూడా కోలుకుంటుంది. దాహంతో ఉన్నదానికి నీళ్లు ఆపి, కుళ్లినదానికి నీళ్లు పోసి, రెండింటినీ చంపి వాన మీదికి నెట్టడం మన ఊరి ఆనవాయితీ.

"నీళ్లు పోయొద్దు" అనేవాళ్లకు చలికాలం మాత్రం వదిలేస్తాను. డిసెంబరు, జనవరిలో రాత్రి చలికి చాలా మొక్కలు ఆకులు రాల్చి మోడుగా నిలబడతాయి. అది జబ్బు కాదు, నిద్ర. ఆకు లేని మొక్క నీరు తాగదు. పాపం ఎండిపోతోందని రోజూ చెంబుడు పోసేవాళ్లు ఆ వారాల్లోనే దాన్ని కుళ్లబెడతారు. వారానికో పదిరోజులకో కొద్దిగా తడిపితే చాలు. ఫిబ్రవరిలో చిగురు కనిపించగానే కొమ్మలు కత్తిరించి, కావాలంటే దుంపను రెండు అంగుళాలు పైకి లేపి కుండీ మార్చి, నీళ్లు పెంచుతూ పోవాలి. ఒక పద్ధతిని ఏడాది పొడవునా పాటించమనే ఏ సలహా అయినా ఈ మొక్క విషయంలో తప్పే అవుతుంది.

టీవీ పక్కన పెట్టుకునే మొక్కగా అమ్మేవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. రోజుకు ఐదారు గంటల నేరు ఎండ లేకపోతే అది సన్నగా సాగి, పూయడం మానేస్తుంది. రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందని చెప్పి ఇంట్లో పెట్టించేవాళ్లకు ఒకటే జవాబు. వెలుతురు లేనిదే ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు. రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే జాతులు ఉన్నాయి గానీ, అవి కూడా ఆక్సిజన్ విడిచేది పగలే.

అంటు మొక్కల మీద వచ్చే ఫిర్యాదుకూ ఇక్కడే సమాధానం చెప్పాలి. "ఎర్ర ముద్దపూవని ఇచ్చాడు, మూడో ఏడు లేత గులాబీ రంగు రేకపూలు పూసింది, మోసం" అంటారు. చాలాసార్లు మోసం ఉండదు. ముద్దపూల రకాలను విత్తనపు మొక్క దుంప మీద అంటుకడతారు. అంటు కింద దుంప నుంచి సొంత చిగుళ్లు వస్తుంటాయి. వాటిని గిల్లకుండా వదిలేస్తే అవే బలిసి, పైఅంటును మింగేస్తాయి. వారానికోసారి అంటు గుర్తు కిందికి చూసి గిల్లేయడం కొన్నవాళ్ల పని.

వాస్తు వాదన మిగిలింది. పాలు కారే మొక్క ఇంటి ఆవరణలో ఉండకూడదంటారు. అనే వాళ్లింటి గేటు పక్కన తెల్లవారుజామున నందివర్ధనం పూలు కోస్తూ కనిపిస్తారు. ఆ కొమ్మ విరిచి చూడండి, పాలే. గన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు, అడీనియం, నందివర్ధనం అన్నీ ఒకే కుటుంబం. పీటర్ ఫోర్స్కాల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త డెన్మార్క్ రాజు పంపిన బృందంతో యెమెన్ వెళ్లి, 1763లో అక్కడే మలేరియాతో చనిపోయాడు. అతను రాసిపెట్టుకున్నవి 1775లో అచ్చయినప్పుడు ఈ మొక్కను గన్నేరు జాతిలోనే చేర్చారు. 1819లో గానీ దానికి వేరే జాతి కట్టలేదు. దేవుడి పటానికి నందివర్ధనం పనికొచ్చి, వరండాలో దాని చుట్టం పనికిరాకపోవడం ఏ శాస్త్రమో నాకు అర్థం కాదు.

అయితే వాస్తు పేరుతో చెప్పేవాళ్ల భయం వెనుక ఒక నిజం ఉంది, దాన్ని దాచి మొక్క అమ్మేవాళ్లు మాత్రం తప్పు చేస్తున్నారు. అడీనియం పాలు విషం. గుండె మీద పనిచేసే పదార్థాలు అందులో ఉన్నాయి, ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాలకు పూసిన విషాల్లో అదొకటి. పచ్చగన్నేరు కాయ ఏం చేస్తుందో పల్లెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇదీ ఆ కోవలోదే. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి, కళ్లు నులమకూడదు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. నోట్లో ప్రతిదీ పెట్టుకునే వయసు పిల్లలుంటే కుండీ పిట్టగోడ మీద ఉండాలి. కత్తిరించిన కొమ్మలు మేకలు తిరిగే వీధిలో పారేయకూడదు.

అడీనియం మీద నిజమైన ఫిర్యాదులు కావాలంటే నేనే ఇస్తాను. జులై, ఆగస్టుల్లో మబ్బు పట్టిన వారాల్లో పూలు దాదాపు ఉండవు. ఏప్రిల్ ఎండకు ఆకుల అడుగున ఎర్రనల్లి చేరి ఆకులు కంచు రంగుకు తిరుగుతాయి. పొద్దున్నే ఆకుల అడుగుకు నీళ్లు గట్టిగా కొడితే తగ్గుతుంది. కొమ్మల సందుల్లో పిండినల్లి చేరుతుంది. వానలు మొదలయ్యాక వచ్చే పచ్చ గొంగళిపురుగు వీటన్నిటి కంటే ఘనం. వేలంత లావు, తల దగ్గర రెండు నీలి కళ్ల లాంటి మచ్చలు, వెనుక చిన్న తోక. ఒక్క రాత్రిలో మొక్కను మోడు చేస్తుంది. గన్నేరు మీద, నందివర్ధనం మీద బతికే పురుగే అది, చుట్టరికం వెతుక్కుంటూ వస్తుంది. దానికి మందు కొట్టాల్సిన పని లేదు. ఆకుల కింద కనిపించే నల్లటి పెంటికలను బట్టి వెతికి చేత్తో ఏరేయడమే, రెండు మూడు వారాల్లో మళ్లీ ఆకు వస్తుంది. ఏరిన పురుగును తీసుకుపోయి పక్కింటి నందివర్ధనం మీద మాత్రం వదలకండి. రెక్కలొచ్చాక గుడ్లు పెట్టడానికి మీ మొక్క మీదికే వస్తుంది, మధ్యలో పక్కింటివాళ్లతో గొడవ అదనం.